చెంగమ్మ ప్రాణం కోసం కుప్పం దాకా

"అమ్మా, ఆదివారం మద్దేనం చెంగమ్మను సంపుతాండాము. నువ్వు తప్పకుండా రావాల."

శుక్రవారం పొద్దున్నే ఫోన్‌లో ఈ మాట వినపడేసరికి నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది, పొయ్యి మీద పాలున్నాయి, బల్ల మీద కొత్త నవల ఏడో అధ్యాయం సగంలో ఉంది. కాఫీ చీర మీద ఒలికింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఏడో అధ్యాయం ఇంకా సగంలోనే ఉంది.

చెంగమ్మ ఎవరో ముందు చెప్పాలి. నేను మదనపల్లెలో కూర్చుని నవలలు రాసుకునే మనిషిని. పొద్దున రాసుకోవడం, మధ్యాహ్నం చదువుకోవడం, ఎక్కడైనా నాటకం ఉందంటే బస్సు పోయినంత దూరం పోవడం, ఇదీ నా బతుకు. ఇప్పటికి ఆరు నవలలు రాశాను. మొదటి అయిదింటిలోనూ కథానాయిక చివర్లో చచ్చిపోతుంది. ఒకామె జ్వరంతో పోయింది, ఒకామె వరదలో పోయింది, ఒకామె ఎందుకు పోయిందో నాకే సరిగ్గా గుర్తులేదు. చివరి అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే అటు పోతుంది, నేనేం చేసేది? పుంగనూరులో ఉండే మా వదిన నేను రాసిందల్లా అందరికంటే ముందు చదువుతుంది. "ఈసారి ఎవర్ని చంపినావే?" అని అడిగి మరీ కళ్ళజోడు పెట్టుకుంటుంది.

ఆరో నవలలో మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. అందులో చెంగమ్మ టమాటా మార్కెట్టులో కాయలు ఏరే కూలి మనిషి. మొగుడు వదిలేస్తాడు, మండీ వాళ్ళు మోసం చేస్తారు, వాన ముంచుతుంది, అయినా లొంగదు. చివరికి సొంత పంటను లారీకెత్తించి, డ్రైవరు పక్కన ముందు సీట్లో దర్జాగా కూర్చుని, వేయించిన చెనిక్కాయలు, అవే వేరుశనగలు, నములుతూ మద్రాసుకు పోతుంది. అంతే, కథ అయిపోయింది. ఆ చివరి వాక్యం రాసిన రోజు నేను ఇంట్లో ఒక్కదాన్నే గంతులేశాను. నా బిడ్డల్లో బతికి బట్టకట్టింది అదొక్కతే మరి.

దాన్ని పట్టుకుని చంపుతామంటారా?

"చంపడమేంటప్పా? పుస్తకంలో చెంగమ్మ చావదు కదా!" అని ఫోన్‌లో అరిచాను.

అటువైపు గోవిందప్ప నింపాదిగా దగ్గాడు. ఈయన రామకుప్పం పక్కన ఒక పల్లెలో వీధి నాటకాల జట్టుకు పెద్ద. ఆటలో జనాన్ని నవ్వించే బఫూన్ వేషం కూడా ఈయనదే. ఆ మధ్య టమాటాలు వేసుకుని మదనపల్లెకు వచ్చినప్పుడు ఎవరో నా నవల సంగతి చెబితే, సరుకు దించేసి నేరుగా మా ఇంటికొచ్చాడు. "దీన్ని మేము ఆట కట్టుకుంటామమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. నేను రాసిన మాటలకు తెర పట్టి, మద్దెల కొట్టి, ఊరంతా చూస్తుండగా ఆడతారంటే మాటలా!

"మునెప్పన్న ఉండాడు గదమ్మా," అన్నాడు గోవిందప్ప. "చెంగమ్మ వేషం ఆయనదే. ఆడవేషం కట్టి ఆయన సస్తాంటే సూసేదానికే జనం వచ్చేది. సావకుండా ఇంటికి పొమ్మంటే మమ్మల్ని కొడతారు."

"ఎవరు కొట్టినా సరే, నా చెంగమ్మను చంపడానికి వీల్లేదు."

"నువ్వు రామ్మా, ఈడ కూసోని మాట్లాడుకుందాం. ఆట మద్దేనం రెండు గంటలకు."

"మధ్యాహ్నమా? వీధి నాటకం ఆడేది రాత్రి కదా?"

"రాత్రిళ్ళు ఏనుగులొస్తాండాయమ్మా. సేన్ల కాడ కావిలి ఉండాల. పొద్దు గుంకేలోపల సంపేస్తాం, నువ్వేం బయపడాకు."

ఇంత ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాడు. శనివారమంతా చేస్తూనే ఉన్నాను, ఒక్కసారీ తియ్యలేదు. ఇక లాభం లేదనుకుని ఆదివారం తెల్లారగట్ల సంచి భుజాన వేసుకుని, చెంగమ్మ ప్రాణం కాపాడడానికి బయలుదేరాను.

ఆరు గంటల పుంగనూరు బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. ఈ సున్నా టికెట్టు వచ్చినప్పటి నుంచి నా తిరుగుడుకు పగ్గాల్లేవు. ఈ దారిన పోదలచుకున్న ఆడవాళ్ళు కార్డు మరవకండి, మగవాళ్ళు చిల్లర మరవకండి. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే ఎండ కొడుతుంది కానీ, ఊరు దాటగానే కర్రలకు కట్టిన టమాటా తోటలు వరసగా కనిపిస్తాయి. ఎండ కొడితే కొట్టనీ అని నేను అటే కూర్చున్నాను.

నా పక్కన ఒక పెద్దామె ఒళ్ళో గుడ్డసంచితో కూర్చుంది. బి.కొత్తకోట మనిషి, పలమనేరులో ఉన్న కూతుర్ని చూడబోతోంది.

"నువ్వు యాడికమ్మా?" అంది.

"కుప్పానికి."

"పెండ్లా?"

"కాదు, చావు."

"అయ్యో, ఎవురు పోయినారు?"

"ఇంకా పోలేదు. ఆపాలనే పోతాండా."

ఆమె ఆస్పత్రి పేరు అడిగేసరికి నాకు నవ్వాగలేదు. మొత్తం చెప్పేశాను. చెంగమ్మ పెళ్ళి దగ్గర మొదలుపెడితే పుంగనూరు పొలిమేరకు లారీ ఎక్కించాను. ఆమె సంచిలోంచి వేయించిన చెనిక్కాయలు తీసి ఒలుస్తూ, నా చేతిలో పెడుతూ, తనూ తింటూ విన్నది. అయిపోయాక ఒళ్ళో పడ్డ పొట్టు దులుపుకుంది.

"బతికిచ్చి మంచి పని చేసినావు," అంది. "లారీ ముందు సీట్లో కూసోని పోవాలని నాక్కూడా శానా దినాలుగా ఉండాది."

పుంగనూరులో దిగేముందు ఆమె ఒక కాగితంలో ఇంకో నాలుగు పిడికిళ్ళు పోసి పొట్లం కట్టి నా సంచిలో వేసింది. "ఇది నీకు కాదు, ఆ యమ్మకు" అని మరీ చెప్పింది. ఒక నవలకు ఇంతకంటే పెద్ద బహుమానం నాకు ఇంతవరకూ రాలేదు.

పుంగనూరులో ఒక గంట ఆగి ఎనిమిదింటి కుప్పం బస్సు పట్టుకోవాలని నా లెక్క. ఆ లెక్కలో మా వదినను కలపడం మరిచిపోయాను. దోసెలు, చెనిక్కాయల చట్నీ, మీద గిన్నెడు పాయసం. తింటూ ఉండగా నా చీరవైపు చూసి మూతి ముడిచింది.

"కథ రాసినామె వస్తాందంటే ఊరంతా సూస్తాది. ఈ పాత గుడ్డ కట్టుకోని పోతావా?"

"వదినా, నేను సన్మానానికి పోవడంలా, గొడవకు పోతున్నా."

"గొడవకైతే ఇంకా మంచి చీర కావాల. గుడ్డల్ని బట్టే మాట ఇనేది జనం."

బీరువా తలుపులు తెరుచుకున్నాయి. నాలుగు చీరలు నా భుజం మీద వేసి చూసి, చివరికి తన వంకాయ రంగు పట్టుచీర కట్టించింది. అది ఆమె ఎవరికీ ముట్టనివ్వని చీర. కుచ్చిళ్ళు మూడుసార్లు విప్పించి కట్టించింది. "మరక పడిందంటే నీ ఏడో నవల నేను సదవను" అని బెదిరించింది. ఎనిమిదింటి బస్సు పోయింది, దాని వెనకది కూడా పోయింది. పదిన్నరకు నేను బస్టాండులో పెళ్ళికూతురి పిన్నిలా మెరిసిపోతూ నిలబడ్డాను.

ఎట్టకేలకు బస్సెక్కి కూర్చున్నాక, పలమనేరు దాటుతుండగా గోవిందప్ప ఫోన్ ఎత్తాడు. బస్సు ఇంజను మోతలో గొంతు చించుకున్నాను. "గోవిందప్పా! నేను దారిలో ఉన్నా! నేను వచ్చేదాకా చెంగమ్మను చంపొద్దు! వినపడుతోందా? చంపొద్దు!"

లైను తెగిపోయింది. ముందు సీట్లలోని అందరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు. కండక్టరు మెల్లగా వచ్చి నా పక్కన వంగాడు.

"అమ్మా, పోలీసోళ్ళకు ఫోన్ చేసేదా?"

విషయం చెప్పాను. నవ్వి పోతాడనుకుంటే, "అట్లనా? మరి సావాల్నా, బతకాల్నా?" అని బస్సు మొత్తానికి వినపడేలా అడిగాడు. ఇక చూడండి! డ్రైవరు వెనక కూర్చున్న ముసలాయన "సస్తేనే కథ మనసులో నిలస్తాదమ్మా, నా మాటిను" అన్నాడు. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి ఇంతెత్తున లేచింది. "యాల సావాల? మా ఇంట్లో సీరియల్ల నిండా ఆడోళ్ళు సస్తానే ఉండారు. ఒక్కతన్నా బతకనీండి!" అంది. నేను లేచి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఊపేశాను. ముసలాయన ఒప్పుకోలేదు. మూడు సీట్ల అవతల ఇంకొకాయన "సగం సంపితే సరిపోతాది" అని రాజీ కూడా కుదిర్చాడు.

వి.కోట దగ్గర టైరు పంచరయ్యే దాకా ఈ పంచాయితీ తెగలేదు. అందరం దిగి చింతచెట్టు నీడన నిలబడ్డాం. మామూలుగా అయితే ఇలాంటప్పుడు సంచిలోంచి పుస్తకం తీసి రోడ్డు పక్కనే చదువుకుంటాను. ఆ రోజు ఒక్క పేజీ కూడా ముందుకు పోలేదు. నేను ఇక్కడ నిలబడి ఉంటే అక్కడ తెర లేస్తుంది, నా చెంగమ్మ నాకు తెలియకుండానే పోతుంది. అదొక్కటే గుండెల్లో కొట్టుకుంటోంది. కండక్టరు టైరు బిగిస్తున్న డ్రైవరుకు "తొందరగా కానీప్పా, ఆడ ప్రాణం పోతాంది" అని చెబుతున్నాడు.

కుప్పంలో దిగేసరికి రెండు దాటింది. కుప్పం బస్టాండులో పది నిమిషాలు నిలబడితే తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే మనిషి నోట వినొచ్చు. నాకు ఆ పది నిమిషాలు కూడా లేవు. రెండు ఇడ్లీలు నిలబడే మింగి రామకుప్పం వైపు పోయే షేర్ ఆటోలో పడ్డాను. ఆటో అప్పటికే కిక్కిరిసి ఉంది. డ్రైవరు నా పట్టుచీర చూసి పక్కవాళ్ళను జరిపించాడు.

"మునెప్ప సావుకేనామ్మా?" అన్నాడు.

"నీకెట్లా తెలుసప్పా?"

"ఈ పొద్దు ఈ రోడ్డున పోయేటోళ్ళంతా ఆడికే. వీళ్ళందరూ ఆడికే." ఆటోలో ఉన్న ఏడుగురూ తలలూపారు. "పోయిన తూరి మా ఊర్లో సచ్చినాడు సూడు, అబ్బబ్బా! ముప్పావుగంట పట్టె ప్రాణం పోయేదానికి. పాడతాడు, కూలబడతాడు, మళ్ళీ లేస్తాడు, మళ్ళీ పాడతాడు. మా యమ్మ రెండు దినాలు అన్నం తినలే."

ఇంతమంది ఒక చావు కోసం ఆటోలెక్కి వస్తుంటే, దాన్ని ఆపడానికి నేనొక్కదాన్నే పోతున్నాను. అయినా ఏదో పిచ్చి ఉత్సాహం. నా కథ చూడడానికి జనం ఆటోల్లో వేలాడుతూ పోవడం నేను కలలో కూడా అనుకోలేదు. భయపడుతూనే నవ్వుకుంటున్నాను, పక్కామె నన్ను అనుమానంగా చూసి కొంచెం ఎడంగా జరిగింది.

మూడున్నరకు ఊరు చేరాం. పాలు పోసే కేంద్రం ముందున్న ఖాళీ స్థలంలో ఆట. నేల మీదే కూర్చున్నారు జనం, ఊరు ఊరంతా వచ్చినట్టుంది. ఒక పక్కన రాగులు ఆరబోసే పెద్ద నల్ల టార్పాలిను చుట్టి పెట్టి ఉంది. దాని పక్కనే డబ్బాలు, టపాకాయలు. ఆట అవగానే అవి పట్టుకుని అందరూ చేలకు పోవాలి. చెప్పులు విడిచి, చీర పైకెత్తి పట్టుకుని జనంలోంచి దూరాను.

అప్పుడు చూశాను చెంగమ్మను.

మునెప్పకు అరవై దాటి ఉంటాయి. ఎర్రటి నూలుచీర కట్టి, ముఖానికి పసుపురంగు పూసి, కళ్ళకు కాటుక దిద్ది, నేల మీద గొంతుక్కూర్చుని టమాటాలు ఏరుతున్నాడు. ఒక్కొక్క కాయనూ కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని, తర్వాత గంపలో వేస్తున్నాడు. ఆ చెవి దగ్గర పెట్టుకోవడం నేను నవలలో ఒక్క వాక్యంలో రాశాను, ఏ పాఠకుడూ ఎప్పుడూ దాని గురించి అడగలేదు. ఈయన దాన్ని పట్టుకున్నాడు. నాలుగేళ్ళు నా గదిలో నాతో తిరిగిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది.

వెంటనే ఆమె ఎదమీద చెయ్యి వేసుకుని చిన్నగా దగ్గింది. జనమంతా ఒక్కసారిగా ముందుకు జరిగారు. చావు మొదలవుతోంది!

"ఆపండి!" అని అరిచాను.

మద్దెల ఆగింది. గులాబీ రంగు టోపీ పెట్టుకుని, ముక్కుకు ఎర్రరంగు పూసుకున్న గోవిందప్ప నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తాడు. "వచ్చినావా తల్లీ! అట్ల యాడబడితే ఆడ నిలబడి మాట్లాడేదానికి ల్యా. మా ఆటలోకి రాజైనా, దొంగైనా, దేవుడైనా తెర యెనకాల నుంచే రావాల. నేను అడిగితే ఎవురో ఏమో సెప్పాల. అప్పుడే మాట."

అది ఈ వీధి నాటకాల ఆచారం. నేను ఎన్నోసార్లు చూసిందే, చూసిన ప్రతిసారీ ముచ్చటపడిందే. చూడడం వేరు, ఆ తెర వెనక నిలబడడం వేరు! ఇద్దరు మనుషులు నా ముందు ఎర్రగుడ్డ పట్టారు. కింద నా పాదాలు, వదిన పట్టుచీర అంచు జనానికి కనిపిస్తున్నాయి. మద్దెల అందుకుంది. దేవుడి మీద ఒట్టు, నా కాళ్ళు వాటంతటవే ఎగరడం మొదలుపెట్టాయి. జనం ఈలలేశారు.

"ఎవురమ్మా తెర యెనకాల గజ్జెల్లేకుండా ఎగరతాండేది?" అన్నాడు గోవిందప్ప.

"నేను రచయిత్రిని."

"అంటే ఏం పని సేస్తావు?"

"పొద్దున రాస్తాను, మధ్యాహ్నం చదువుతాను, సాయంత్రం నాటకాలు చూస్తాను."

"మరి పనెప్పుడు సేస్తావు?"

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేసేది.

"యాడి నుంచి వచ్చినావు?"

"మదనపల్లె నుంచి. పుంగనూరులో చీర కట్టుకుని, వి.కోటలో టైరు పంచరై, కుప్పంలో రెండిడ్లీలు తిని వచ్చాను."

"యాల వచ్చినావు?"

"చెంగమ్మ చావకుండా ఆపడానికి."

తెర దించారు. జనంలో రెండు గుంపులు లేచాయి. "సావాల! సావాల!" అని ఒక వైపు. "యాల సావాల, పాపం!" అని ఇంకో వైపు, ఎక్కువగా ఆడవాళ్ళు. మునెప్ప గంప పక్కన పెట్టి లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని నా దగ్గరికొచ్చాడు. చెంగమ్మ గొంతులోనే అడిగాడు.

"నన్ను కన్నది నువ్వేనామ్మా?"

"నేనే."

"అయితే ఒక మాటిను. చిన్నప్పటి నుంచి నేను సావడమే నేర్సుకున్న. ఎన్ని ఊర్లలో, ఎన్ని వేషాల్లో సచ్చినానో. ఇప్పుడు వచ్చి బతకమంటే బతికేది నాకు రాదమ్మా. ఇంతమంది నా పాట కోసరం వచ్చి కూసోని ఉండారు. ఆ పాటను నేనేం జెయ్యాల?"

ఆ కాటుక కళ్ళలో నిజంగా దిగులుంది. నేను దారి పొడుగునా తయారుచేసుకున్న వాదనలన్నీ ఎగిరిపోయాయి. చెంగమ్మ బతకాలి. ఈయన పాట కూడా బతకాలి. రెండూ ఎట్లా? పొద్దు చూస్తే పడమటికి దిగుతోంది. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"చచ్చేటప్పుడు పాడే పాటను, చచ్చినవాళ్ళ కోసం ఏడుస్తూ పాడు. చెంగమ్మ బదులు నేను చస్తాను."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గోవిందప్ప టోపీ గాల్లోకి విసిరాడు. "ఇన్నారా! రాసినామె సస్తాదంట! యెట్ల సంపేది?"

"ఏనుగు తొక్కాల!" అని ఎవరో ఆడమనిషి అరిచింది. అంతే, ఊరంతా అదే మాట. నలుగురు లేచి ఆ రాగుల టార్పాలిను విప్పి కప్పుకున్నారు. ముందున్నాయన చెయ్యి తొండంలా ఊపాడు. ఒకాయన ఉత్సాహం పట్టలేక టపాకాయ ముట్టించాడు. నిజం ఏనుగుల కోసం పెట్టుకున్న టపాకాయలకు ఈ గుడ్డ ఏనుగు బెదిరి, ముందు కాళ్ళు ఒకవైపూ వెనక కాళ్ళు ఇంకోవైపూ పరుగెత్తాయి. మళ్ళీ దాన్ని పోగుచేసి నా మీదికి తోలారు. చుట్టూ రాగుల దుమ్ము. నేను నవ్వుతూనే "అమ్మో" అని పడిపోయాను. పడేముందు వదిన ముఖం కళ్ళముందు కదిలింది, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

పడుకుని కళ్ళు మూసుకున్నాను. జనం ఇంకా నవ్వుతున్నారు. అప్పుడు మునెప్ప నా తల తీసి తన ఒళ్ళో పెట్టుకుని పాట అందుకున్నాడు.

నన్ను రాసిన తల్లీ అన్నాడు. చేతికి గంప ఇస్తివే, నోటికి మాట ఇస్తివే, అందరు బిడ్డల్నీ తీసుకుని నన్నొక్కదాన్నే ఇడిచిపెడితివే, ఇప్పుడు నన్ను ఇడిచి పోతివా అన్నాడు. అదంతా అప్పటికప్పుడు కట్టిన పాట. నా అయిదు నవలల సంగతి ఆయనకు తెలిసే ఉండాలి, లేకపోతే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? నవ్వులు ఆగిపోయాయి. ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు ఒకటి, తర్వాత ఇంకొకటి వినపడింది. నా గురించి నా చెంగమ్మ ఏడుస్తోంది! నాకూ కన్నీళ్ళు ఆగలేదు, చెంపల మీదుగా చెవుల్లోకి కారాయి.

"శవం ఏడస్తాండాది, ఎవురన్నా కండ్లు తుడవండప్పా!" అని గోవిందప్ప అరిచాడు. ఏడుస్తున్న జనం ఏడుస్తూనే పకపకా నవ్వారు.

పాట అయిపోయింది. మునెప్ప నా మీదికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "ఇప్పుడేం జేసేదమ్మా? ఈన్నించి నాకు తెలీదు."

కళ్ళు తెరవకుండానే గొణిగాను. "నా సంచిలో చెనిక్కాయల పొట్లం ఉంది. లారీ ముందు సీట్లో కూర్చుని తిను. అంతే, బతకడం."

నేను ఒక కన్ను సన్నగా తెరిచి చూశాను. పాలకేంద్రం బెంచీని లారీ చేశారు. మునెప్ప ఎక్కి కూర్చున్నాడు. పొట్లం విప్పాడు. ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు, ముందుకు చూశాడు. ఇంకోటి ఒలిచాడు. పాట లేదు, మద్దెల లేదు. ఇంతమంది జనం చప్పుడు చేయకుండా ఒక మనిషి చెనిక్కాయలు తినడం చూశారు. ముందు వరసలో ఒక ముసలామె మెల్లగా చెయ్యి చాపింది. మునెప్ప లారీలోంచి వంగి ఆమె చేతిలో నాలుగు గింజలు పెట్టాడు.

ఈ ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. మంగళం పాడేముందు ఆటలో చచ్చినవాళ్ళెవరూ నేల మీద పడి ఉండకూడదు. గోవిందప్ప చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముఖం మీద చల్లాడు, మళ్ళీ మొదటి ప్రశ్నే అడిగాడు.

"ఎవురమ్మా నువ్వు?"

రచయిత్రిని అనబోయాను. అటు బెంచీ మీద కూర్చున్నామెను చూశాను.

"చెంగమ్మ వాళ్ళ మనిషిని," అన్నాను.

"అట్ల సెప్పు!" అని గోవిందప్ప చెయ్యి ఇచ్చి లేపాడు. హారతి తిప్పారు.

అప్పటికి ఎండ పల్చబడింది. జనం డబ్బాలు, టపాకాయలు అందుకుని చేలదారి పట్టారు. నా పక్కగా పోతూ ఆ ముసలామె ఇంకొకామెతో అంటోంది, "ఎవురోగానీ ఈయమ్మ బాగా సచ్చింది." మునెప్ప ఎర్రచీరలోనే, కాటుకతోనే ఒక ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. "ఏడ్సేది బాగుండాదమ్మా. పడే పని ల్యా, మోకాళ్ళు నొయ్యవు," అని నవ్వాడు. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగాడు. "వచ్చే ఆదివారం శాంతిపురం పక్కన ఆట ఉండాది. నువ్వు రాకపోతే మళ్ళీ నేనే సావాల." అని డబ్బా మోగించుకుంటూ పోయాడు.

ఆ రాత్రి కుప్పం బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. గది చిన్నది, నీళ్ళు వేడిగా వచ్చాయి, దుప్పటి ఉతికిందే. పోదలచుకున్నవాళ్ళు పైఅంతస్తు అడగండి, కిందైతే బస్సుల హారన్లు నిద్రపోనివ్వవు. నాకైతే పైన కూడా నిద్ర పట్టలేదు.

సోమవారం ఏడు గంటల బస్సు. ఎక్కగానే నిన్నటి కండక్టరే ఎదురొచ్చాడు, బస్సు రాత్రి కుప్పంలోనే ఆగిందట.

"ఏమ్మా, చెంగమ్మ బతికిందా?"

"బతికింది."

"మరి సచ్చిందెవురు?"

"నేనే."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి మిషను తీశాడు. "సచ్చినా సరే, ఆధార్ కార్డు సూపించాల్సిందేనమ్మా," అన్నాడు.

దారంతా కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ముందు సీట్లు ఖాళీగానే ఉన్నాయి కాబట్టి వి.కోట దాటాక లేచి వెళ్ళి అందరికంటే ముందు కూర్చున్నాను. రోడ్డు నేరుగా నా మీదికే వస్తోంది. ఇన్నేళ్ళుగా కథల కోసం తిరుగుతున్నాను, ఎప్పుడూ నేను చూసేదాన్నీ వాళ్ళు ఆడేవాళ్ళూ. ఈసారి నన్ను కూడా కలుపుకున్నారు. చివరి అధ్యాయాలంటే నాకు ఇక భయం లేదు. అంత సంతోషంగా నేను ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు.

పుంగనూరులో వదిన తలుపు తీసింది. చీర వైపు చూసింది. ఒక పక్కంతా రాగుల దుమ్ము, భుజం మీద పసుపురంగు మరక, కొంగున కాటుక. నేను గుమ్మంలోనే నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వదిన చివరిదాకా కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. తర్వాత గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇన్నేండ్లుగా నువ్వు సంపినోళ్ళంతా నిన్న సల్లబడి ఉంటారే!"

"చీర పాడైంది వదినా," అన్నాను భయంగా.

ఆమె ఆ మాట వినిపించుకోలేదు. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయి బీరువా తెరిచింది.

"మళ్ళీ ఎప్పుడు సస్తావు?"

"వచ్చే ఆదివారం. శాంతిపురం పక్కన."

"అయితే ఈసారి ఆకుపచ్చది కట్టుకో. నేనూ వస్తా సూసేదానికి," అంది.